ఎండకు ఓడేది రాయి కాదు, జిగురు

ఒంగోలులో గ్రానైట్ కోసి, పాలిష్ పెట్టి బిగించే పని మాది. ఒకప్పుడు అందరూ వంటగట్లకే వచ్చేవాళ్ళు. ఇప్పుడు డాబా మీదికి, పెరట్లోకి బల్లలు చేయించుకుంటున్నారు, చల్లటి వేళ నలుగురూ కూర్చుని తినడానికి, బొగ్గుల మీద చికెన్ కాల్చుకోవడానికి. వచ్చినవాళ్ళు ముందుగా అడిగేది ఒకటే: "వేడి గిన్నె పెడితే ఏమవుతుందండీ?" నా లెక్కలో అది రెండో ప్రశ్న. పొయ్యి మీంచి దించిన మూకుడు కాసేపటికి చల్లారిపోతుంది. ఎండ మాత్రం మార్చి నుంచి జూన్ దాకా పొద్దస్తమానం పలక నెత్తినే ఉంటుంది. ఆ ఎండకు ఓడిపోయేది రాయి కాదు, రాయితో కలిసిన జిగురు. అందుకే ఏ పలక ముందుకొచ్చినా ఇందులో జిగురు ఎక్కడుందా అని చూస్తాను.

షోరూముల్లో ముచ్చటగా కనిపించే క్వార్ట్జ్ పలకనే తీసుకోండి. రాతిపొడిని పాలియెస్టర్ రెజిన్‌తో కలిపి, ఒత్తి తయారుచేస్తారు. బరువులో నూటికి ఏడు నుంచి పది పాళ్ళు ఆ రెజినే. ఇంటిలోపల వంటగట్టుకు అది మంచి సరుకు; నిమ్మరసాన్ని, కూర మరకలను బాగా తట్టుకుంటుంది. ఆరుబయట వేస్తే ఎండలోని అతినీలలోహిత కిరణాలు రెజిన్‌ను తినేస్తాయి. తెల్ల పలక పసుపు తిరుగుతుంది, ముదురు రంగుది వెలిసిపోతుంది. 150 డిగ్రీలు దాటిన గిన్నె పెడితే పడే మచ్చ ఇక పోదు. పైగా అందులో కొన్ని రకాల్లో సిలికా నూటికి తొంభై పాళ్ళ దాకా ఉంటుంది. పొడిగా కోస్తే లేచే దుమ్ము కోసేవాడి ఊపిరితిత్తుల్లో పేరుకుని సిలికోసిస్ తెస్తుంది. ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి ఆ రాయిని నిషేధించింది. గ్రానైట్‌లోనూ సిలికా ఉంది, తక్కువే అయినా ఉంది. మా దగ్గర ఏ రాయినైనా నీళ్ళు పోస్తూనే కోస్తాం. "ఇంటి దగ్గరే చిన్న ముక్క పొడిగా కోసెయ్యరా" అని అడిగితే ఒప్పుకోను.

ప్లైవుడ్ మీద అతికించిన లామినేట్‌కు ఒక్క వానాకాలం చాలు. అక్రిలిక్ పలకను వంచాలంటే దాదాపు 160 డిగ్రీలకు వేడి చేస్తారు. మసిలే నూనె మూకుడు అంతకంటే వేడిగా ఉంటుంది, ఇక ఆలోచించే పనే లేదు. టేకు మాత్రం గౌరవించదగ్గ చెక్క. ఎండావానలను ఓర్చుకుని బూడిదరంగుకు తిరుగుతుంది. దాని మీద వేడి గిన్నె దించితే మాత్రం గుండ్రటి మచ్చ మిగులుతుంది.

చౌకలో కావాలనేవాళ్ళు కడప నల్లబండ, తాండూరు బండ, బేతంచర్ల నాపరాయి చూపిస్తారు. వీటిలో జిగురు లేదు, ఎండకు భయం లేదు. కానీ ఇవన్నీ సున్నపురాయి జాతి. మన తిండి చూస్తే చింతపండు పులుసు, నిమ్మకాయ, మామిడికాయ ముక్క! ఆ పులుపు ఒలికిన చోటల్లా మెరుపు పోయి తెల్లమచ్చ తేలుతుంది. పాలరాయీ అంతే. కూర్చునే అరుగుకైతే నాపరాయిని మించింది లేదు, తినే బల్లకు మాత్రం వద్దంటాను.

ఇక గ్రానైట్. మా చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ పేరు దేశదేశాల్లో తెలుసు. నల్లరాయిలో బంగారు చుక్కల్లా మెరిసేవి బ్రాంజైట్ రేణువులు. శాస్త్రం ప్రకారం అది గ్యాబ్రో వర్గం రాయి, వ్యాపారంలోనే గ్రానైట్. దాన్ని చూసి పెరిగినవాణ్ణి, నాకు దాని మీద మమకారం ఎక్కువ. అయినా నీడలేని డాబాకు దాన్ని ఇవ్వను. రెంటచింతల ఎండలో మధ్యాహ్నం నల్లపలక మీద చెయ్యి ఆనించలేరు, పొద్దు వాలాక కూడా సెగ వదలదు. అక్కడికి బూడిదరంగు రాయి, అద్దంలా మెరిసే పాలిష్ కాకుండా లెదర్ ఫినిష్ చెబుతాను. కళ్ళలోకి వెలుగు కొట్టదు, గీతలు అంతగా కనబడవు. పందిరి ఉంటే గెలాక్సీ వేసుకోండి, నిండుగా ఉంటుంది.

గ్రానైట్‌లో జిగురు ఉండదనుకోవద్దు. పగుళ్ళున్న పలకకు ఫ్యాక్టరీలో ఎపాక్సీ పట్టించి, వెనకవైపు వల అతికిస్తారు. ఎండలో ఆ ఎపాక్సీ పసుపెక్కుతుంది. కొన్ని నల్లరాళ్ళకు రంగు కూడా పట్టిస్తారు. దూదిని అసిటోన్‌లో ముంచి రుద్దితే నలుపు అంటుకుందా, ఆ పలక వదిలెయ్యండి.

వేడి గిన్నెలకు గ్రానైట్ లొంగదు, నిప్పుకు మాత్రం లొంగుతుంది. అందులోని క్వార్ట్జ్ ఖనిజం 573 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా ఉబ్బుతుంది. గచ్చు జారకుండా ఫ్లేమ్ ఫినిష్ చేసేటప్పుడు మంటతో పైపొరను చిట్లగొట్టేది ఈ గుణం వల్లే. బొగ్గుల కుంపటిని పలక మీద నేరుగా పెడితే ఒకచోటే కాగి చీలిపోవచ్చు. కింద ఇటుకలో, కాళ్ళున్న ఇనప స్టాండో ఉండాల్సిందే.

డబ్బు పెట్టగలిగినవాళ్ళకు పోర్సలిన్ పెద్దపలక మంచిదే. గుజరాత్‌లోని మోర్బీలో చేస్తున్నారు. 1200 డిగ్రీల మీద కాలి వచ్చింది కాబట్టి ఎండకు రంగు మారదు. పన్నెండు మిల్లీమీటర్ల మందంలో వస్తుంది, అంచుకు దెబ్బ తగిలితే పెచ్చు లేస్తుంది. పిల్లలు గెంతే ఇంటికి నేను గ్రానైట్‌కే ఓటేస్తాను.

పలక కుదిరాక సగం పని కాళ్ళది. ఇరవై మిల్లీమీటర్ల గ్రానైట్ చదరపు అడుగుకు అయిదు కిలోలు. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు బల్ల తొంభై కిలోలు తూగుతుంది. ఎండకు ఇనుము రాయికంటే ఎక్కువ సాగుతుంది. తేడా అర మిల్లీమీటరు కూడా ఉండదు, కానీ రోజూ ఉంటుంది. ఫ్రేముకు పలకను ఎపాక్సీతో బిగబట్టేస్తే ఆ లాగుడు అతుకు మీదే పడుతుంది. అక్కడక్కడా సిలికాన్ ముద్దలు పెట్టి కూర్చోబెడితే రెండూ కదలడానికి చోటుంటుంది. అంచు కింద సన్నటి గాడి కొట్టిస్తాం, వాననీరు లోపలికి పాకకుండా అక్కడే కారిపోతుంది. విశాఖ తీరంలో ఇళ్ళకైతే కాళ్ళు 316 రకం స్టీలువి అడగండి. 304 మీద ఉప్పుగాలికి గోధుమరంగు మరకలు పడతాయి.

పలక ఎంచుకోవడానికి మా యార్డుకు పొద్దున్నే రమ్మంటాను. ట్యూబులైటు కింద కాదు, బయటికి లాగి నిలబెట్టి, బకెట్టు నీళ్ళు పోసి ఆరనిస్తాం. అంతా ఆరాక కూడా ఎక్కడైనా తడి గీత మిగిలితే లోపల పగులున్నట్టు అనుమానిస్తాను. దాన్ని బల్లకు ఇవ్వను. గీత పక్కనుంచి కోసి మెట్లకు వాడతాం.