జాఱిన బంతి, దూఱిన నోరు

క్రికెట్టు ఆటను గూర్చి మావంటి గృహిణి వ్రాయుట యేమని కొందఱు నవ్వవచ్చును. నవ్విన నవ్వుదురుగాక. ఆ ఆట నేడు వీధిగడప దాటి మన వంటయింటివఱకు వచ్చియున్నది. పప్పు పొయ్యిమీద నుండగానే "స్కోరెంత?" యని కేకవేయు నిల్లాండ్రు నేడెందఱు లేరు? ఆడువారి జట్టు ఆడునాడు మనము చూచుటతో తృప్తి నొందక తీర్పులు గూడ చెప్పుచున్నాము. అట్టి తీర్పొకటి చెప్పి మేము మా యింటనే సిగ్గుపడవలసివచ్చెను. ఆ సంగతినే మీకు విన్నవింపదలచితిమి.

విరాటపర్వములోని యుత్తరకుమారుని కథ మీకందఱకు తెలిసినదే. అతడు అంతఃపురమున స్త్రీల నడుమ కూర్చుండి, సారథి యొకడున్నచో కౌరవసేన నంతటిని తానొక్కడే గెలిచెదనని పలికెను. సేన కంటబడగానే రథము దిగి పరుగెత్తెను. ప్రగల్భములు పలుకువారిని ఉత్తరకుమారులనుట మనకు నాటినుండి వాడుక యైనది. ఈ మాటను మనము ఆటస్థలమున నోడినవారికి వర్తింపజేయుచుందుము. నిజ మారసినచో, ఇంట చాపమీద కూర్చుండి "చేతిలోనికి వచ్చిన బంతిని పట్టలేకపోయెనే" యని పలుకు మనమే ఉత్తరకుమారులము.

2023 ఫిబ్రవరి 23వ తేదీ సాయంకాలము. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌనున స్త్రీల టీ ట్వంటీ ప్రపంచకప్పు సెమీఫైనలు జరుగుచుండెను. ఎదుటిపక్షము ఆస్ట్రేలియా. మావారు దిద్దవలసిన పరీక్షకాగితములను ఒడిలో నుంచుకొని, ఒక్కటియైనను దిద్దక టీవీనే చూచుచుండిరి. మా అమ్మాయికి అప్పటికి పదేండ్లు. అది మా ప్రక్కనే కూర్చుండెను.

ఆస్ట్రేలియావారు ముందు బ్యాటు పట్టిరి. బెత్ మూనీ కొట్టిన బంతి తన చేతులలోనికి రాగా షఫాలీ వర్మ దానిని నేలపాలు చేసెను. కెప్టెను మెగ్ లానింగ్ ఇంకను కుదురుకొనకమునుపే ఇచ్చిన అవకాశమును వికెట్‌కీపరు రిచా ఘోష్ చేజార్చెను. మూనీ 54 పరుగులు చేసెను. లానింగ్ 49 పరుగులతో కడవఱకు నిలిచెను. వారి మొత్తము 172. మనవారు మూడు వికెట్లు త్వరగా పోగొట్టుకొనియు, జెమీమా రోడ్రిగ్స్, హర్మన్‌ప్రీత్ కౌరుల నేర్పువలన గెలుపు వాకిటివఱకు వచ్చిరి. అంతలో రెండవ పరుగునకై వచ్చుచున్న హర్మన్‌ప్రీత్ బ్యాటు నేలలో దిగబడి, ఆమె 52 పరుగుల యొద్ద రనౌటయ్యెను. మన లెక్క 167 వద్ద ఆగెను. ఓటమి ఐదు పరుగులు మాత్రమే!

ఐదు పరుగులనగా నెంత? ఆ రెండు బంతులలో ఒక్కటి చేతబడియున్నచో తీరిపోవు లెక్క. మాకు కడుపు మండెను. "ఈ పిల్లలవి చేతులా, జల్లెడలా? దేశమంతయు చూచుచుండగా సిగ్గైనను లేదా?" యని మేమంటిమి. ఇంకను కొన్ని మాటలంటిమి. వాని నిట వ్రాయుట మాకు గౌరవము గాదు. ఆట ముగిసిన పిదప హర్మన్‌ప్రీత్ నల్లకండ్లద్దములు ధరించి మాటలాడెను. తన కన్నీరు దేశము చూడరాదని అట్లు చేసితినని ఆమెయే చెప్పెను. అప్పుడు మాత్రము మా నోరు కొంత మూతపడెను. కాని అన్న మాటలు అప్పటికే మా అమ్మాయి చెవిని బడినవి.

రెండేండ్లు గడచినవి. అమ్మాయి తన బడిలో బాలికల క్రికెట్టు జట్టున చేరెను. 2025 ఆగస్టులో చుట్టుప్రక్కల పాఠశాలల నడుమ పోటీ జరిగెను. అది ఇంటికి వచ్చుటకు ముందే, అది క్యాచ్ వదలెననియు, అందువలననే జట్టు ఓడెననియు పొరుగింటివారివలన మాకు తెలిసెను. అది వచ్చి కాళ్లు కడుగుకొనకయే గదిలో మూల కూర్చుండెను. అన్నమునకు పిలిచిన రాలేదు. మేము ఓదార్చుటకే పోయితిమి. కాని నోట వచ్చినది వేఱొకటి. "అంత తేలికైన బంతియట కదా! ఒడిలోనికి వచ్చి పడినదట కదా!"

అది తల యెత్తి మావంక చూచెను. "అమ్మా, ఆనాడు షఫాలీని అన్నట్లే నన్నును అనుచున్నావు" అనెను.

మాకు మాట రాలేదు. కొంతసేపటికి అదియే మెల్లగా చెప్పసాగెను. ఇన్ని దినములును వారు టెన్నిస్ బంతితోనే ఆడిరట. తోలుబంతిని పోటీనాటి యుదయముననే మొదట తాకిరట. అభ్యాసమనగా అందఱు బ్యాటు పట్టుటకే తహతహలాడుట, ఒకరిద్దఱు బంతి వేయుట. క్యాచ్ పట్టుట యెట్లో చెప్పినవారు లేరు. పదునొకండుగురు కుదురుటయే నాలుగు దినముల క్రిందట కుదిరిరట. ఇట్లు చెప్పుచు అది కుడిచేతిని పైటచాటు చేసికొనెను. మేము పట్టి చూచితిమి. చిటికెనవ్రేలు నల్లబడి వాచియుండెను. బంతి జాఱిన వార్త ఇంటింట తిరిగి మా చెవికి చేరెను. వ్రేలు వాచిన సంగతి మాత్రము కన్నతల్లి కంటికి కనబడలేదు!

మఱునాడు మావారు ఆ బడికి పోయి, ఆటలు నేర్పు మాస్టరుగారిని కలిసికొనిరి. ఆయనయు దుష్టుడు కాడు. ఐదు తరగతులు, రెండు బంతులు, ఇసుక తేలిన చిన్న స్థలము. అవియే ఆయనకున్న సాధనములు. ఆ రెండు బంతులును మగపిల్లల జట్టునకే చాలవయ్యెను. ఇట్టిచోట బంతి జాఱుట వింతయా, నిలుచుట వింతయా?

ఆ దినము మొదలు మేము ఈ విద్యను గూర్చి కొంత విచారించితిమి. స్త్రీలు ఆడు క్రికెట్టు బంతి 140 మొదలు 151 గ్రాముల బరువుండును. టెన్నిస్ బంతి అందు సగమైనను తూగదు. తేలిక బంతికి అలవాటైన చేయి బరువు బంతికి బెదరుట సహజమే. క్యాచ్ పట్టుట యనగా చేయి చాచుట మాత్రము కాదు. బంతి పడు చోటును కన్ను ముందుగా లెక్కింపవలెను. కాళ్లు బంతికన్న ముందు అచ్చటికి చేరవలెను. తల కదలక నిలువవలెను. బంతి తాకిన క్షణమున చేతులు బిగిసికొనక, బంతితోపాటు కొంచెము వెనుకకు ఒదుగవలెను. బిగిసిన అఱచేతికి తగిలిన బంతి ఱాతికి తగిలినట్లు ఎగిరిపోవును. ఇద్దఱి నడుమ లేచిన బంతిని "నాది" యని ఒకరు కేకవేసి చెప్పవలెను. లేనిచో ఒకరినొకరు చూచుకొనుచుండగా అది నేలబడును. రాత్రివేళ మంచు కురిసినచో బంతి తడిసి మఱియు జాఱును. ఇవన్నియు విన్నంతమాత్రమున రావు. అప్పడము మనకు మొదటినాడే గుండ్రముగా వచ్చినదా? వందలమాఱులు చేసినగాని చేతికి జ్ఞాపకము కలుగదు.

ఈ యెఱుకతో కేప్‌టౌను ఆటను మరల తలచుకొనగా మాకు కొన్ని సంగతులు కొత్తగా కనబడినవి. షఫాలీ, రిచా ఇరువురును నాటికి పందొమ్మిదేండ్ల బాలికలు. అంతకు నెల తిరుగకమునుపే, 2023 జనవరి 29న, పందొమ్మిదేండ్ల లోపు బాలికల మొదటి ప్రపంచకప్పును మన దేశమునకు గెలిచి తెచ్చిన జట్టులోనివారు. ఆ జట్టునకు షఫాలీయే నాయకురాలు. మన భద్రాచలపు గొంగడి త్రిషయు ఆ జట్టులోనిదే. వారిని మనము మెచ్చుకొని నెల కాకమునుపే దూఱితిమి. ఇక పెద్దల జట్టు సిద్ధపడిన తీరు చూడుడు. ప్రపంచకప్పు రెండు నెలలలో నున్నదనగా, 2022 డిసెంబరున, ప్రధాన శిక్షకుడైన రమేశ్ పొవారును ఆ పనినుండి తప్పించి వేఱుచోటికి పంపిరి. ఆ స్థానమున మఱియొకరిని నిలుపక, బ్యాటింగు శిక్షకుని పర్యవేక్షణలోనే జట్టును పంపిరి. 2023 అక్టోబరున అమోల్ ముజుందారును నియమించువఱకు జట్టునకు స్థిరమైన ప్రధాన శిక్షకుడు లేకయే యుండెను. పెండ్లి రెండు దినములలో నున్నదనగా వంటవానిని మార్చి, పులుసులో ఉప్పు తక్కువైనదని వడ్డించు పిల్లను దూఱుట ఎట్టిదో ఇదియు నట్టిదే.

ఆ యొక్క కారణముననే ఆ రెండు బంతులును జాఱెనని మేము చెప్పము. అట్లు రుజువు చేయుట యెవరితరమును గాదు. కాని జాఱినది పిల్లల చేతినుండి మాత్రమేయని చెప్పుటయు న్యాయము గాదు.

మన స్త్రీల క్రికెట్టు చరిత్రయే ఆలస్యముల చరిత్ర. 1973లో వారి సంఘమేర్పడెను. 2006లో గాని పురుషుల క్రికెట్టు నేలు బోర్డు వారిని తనలో చేర్చుకొనలేదు. అంతవఱకు రైలులో సామాన్యపు పెట్టెలలో ప్రయాణించి, దొరికినచోట పడుకొని దేశముకొఱకు ఆడినవారున్నారు. సంవత్సరపు ఒప్పందములు వారికి 2015లో గాని కలుగలేదు. ఆటకిచ్చు వేతనము పురుషులతో సమానమని ప్రకటించినది 2022 అక్టోబరులో. ఇట్టి దినములలోనే మన హైదరాబాదున పెరిగిన మిథాలీ రాజ్ 2005లోను, 2017లోను జట్టును ప్రపంచకప్పు ఫైనలునకు చేర్చెను. 2017 జూలైలో లార్డ్స్ మైదానమున ఇంగ్లండుచేత తొమ్మిది పరుగులతో ఓడినప్పుడును మనము "అయ్యో, చేతికందినది నోటికందలేదు" అంటిమి. ఆ అన్నము వండుటకు వారికి మనమిచ్చిన కట్టెలెన్ని యని మాత్రము అడుగలేదు.

శిక్షకుడు కుదిరినంతనే ఫలము చేతబడలేదు. 2024 టీ ట్వంటీ ప్రపంచకప్పున మనవారు సెమీఫైనలునకైనను చేరలేదు. విత్తిన మఱునాడే కోతకు పోవువారెవరు? 2025లో ప్రధానముగా మన దేశముననే జరిగిన ప్రపంచకప్పునందును నడుమ వరుసగా మూడు ఆటలలో ఓడిరి. పిమ్మట అక్టోబరు 30న, నవీముంబాయిలో, ఆ పోటీలో అంతవఱకు ఓటమి యెఱుగని ఆస్ట్రేలియా విధించిన 339 పరుగుల లక్ష్యమును సాధించిరి. జెమీమా 127 పరుగులతో అజేయగా నిలిచెను. ఆమె 82 పరుగుల వద్ద నుండగా ఇచ్చిన క్యాచ్‌ను ఆస్ట్రేలియా కెప్టెను, పేరుగాంచిన వికెట్‌కీపరు అలీసా హీలీయే వదలెను! అంతటి నేర్పరి చేతిలోనుండియు బంతి జాఱును. ఎంత సిద్ధపడినను జాఱునది కొంత యుండును. సిద్ధపడనిచో జాఱునది మిక్కుటముగా నుండును. భేదమంతయు నిదియే.

నవంబరు 2న దక్షిణాఫ్రికాతో ఫైనలు. వానవలన ఆలస్యమై ఆట అర్ధరాత్రివఱకు సాగెను. 2023లో మేము తిట్టిన షఫాలీ 87 పరుగులు చేసి, రెండు వికెట్లును తీసెను. కడప జిల్లా బిడ్డ శ్రీచరణి ఒక వికెట్టు తీసెను. సెంచరీ చేసి నిలిచియున్న వోల్వార్ట్ బంతిని పైకి కొట్టగా, అమన్‌జోత్ కౌర్ దానికై పరుగెత్తెను. బంతి చేతిని తాకి ఎగిరెను. మరల తాకి మరల ఎగిరెను. మా నోట తిట్టు సగమువఱకు వచ్చి ఆగెను. నేల కొఱగుచునే ఆమె దానిని పట్టెను. కట్టకడపటి వికెట్టునకు బంతి హర్మన్‌ప్రీత్ తలమీదుగా పోవుచుండగా, ఆమె వెనుకకు పరుగెత్తి ఎగిరి అందుకొనెను. నాడు కన్నీరు దాచుకొన్న ఆమె చేతిలోనే కప్పు నిలిచెను. నిద్ర మానుకొని చూచుచున్న మా అమ్మాయి, "అమ్మా, చూచితివా? కాళ్లు ముందు చేరినవి!" అనెను.

సోదరీమణులారా! ఓడినప్పుడు కోపగింపవలదని మేము చెప్పుట లేదు. ప్రేమ లేనిచోట కోపమును ఉండదు. కాని ఆ కోపమును చేరవలసినచోటికి చేర్చుదము. మన బిడ్డల బడిలో బంతులెన్ని యున్నవి, ఆడపిల్లల వంతునకు వచ్చునవెన్ని, వారు సిద్ధపడుటకు దినములెన్ని యిచ్చిరి అని అడుగుదము. పరుగెత్తిన యుత్తరకుమారుని బృహన్నల పట్టి తెచ్చినప్పుడు తిట్టి తరుమలేదు. ధైర్యము చెప్పి, పగ్గములు చేతికిచ్చి, సారథిని చేసెను. వెఱచిన బాలుడే ఆ దినమున గెలిచిన రథమును నడపెను.

ఇప్పుడు సాయంకాలములందు వాకిట బంతి విసరునది మేమే. ఒక తోలుబంతిని కొని తెచ్చితిమి. మొన్నటి పోటీలో మా అమ్మాయి రెండు క్యాచ్‌లు పట్టెను, ఒకటి వదలెను. ఇంటికి రాగానే మేము మొదట దాని వ్రేళ్లు చూచితిమి.