ఆక్స్‌ఫర్డ్‌కు దరఖాస్తు పెట్టాలా?

చరిత్రలో పీజీ చెయ్యాలన్నది ఎప్పుడో నిశ్చయమైపోయింది. ఎక్కడ అన్నదే తేలడం లేదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకైతే సీయూఈటీ రాస్తే చాలు. అయినా మనసు ఆక్స్‌ఫర్డ్ చుట్టూనే తిరుగుతోంది.

అందులో చదువు మీద ఇష్టమెంత, పేరు మీద మోజెంత? నేను తవ్విచూడాలనుకుంటున్నది ఒకప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని ఉత్తర సర్కారుల శిస్తుల చరిత్ర. ఈస్టిండియా కంపెనీ కాగితాలు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. ఆక్స్‌ఫర్డ్ నుంచి రైల్లో గంట దూరం. ఈ ఆకర్షణ నిజమైనది. కానీ మద్రాసు ప్రెసిడెన్సీ రెవెన్యూ బోర్డు రికార్డులు చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌లో ఉన్నాయి కదా! వాటి ముందు కూర్చోవడానికి వీసా అక్కర్లేదు.

సర్వేపల్లి రాధాకృష్ణన్ ఎం.ఏ. చదివింది మద్రాసు క్రైస్తవ కళాశాలలో. 1936లో ఆక్స్‌ఫర్డ్‌కు వెళ్లింది ఆచార్యుడిగా. అందరికీ అలా జరగదని తెలుసు. అయినా ఆ సంగతి ధైర్యమిస్తుంది.

ఆక్స్‌ఫర్డ్‌లో ఏడాది కోర్సుకే ఫీజు, బస కలిపి అరకోటికి పైనే. "పొలం అమ్మైనా పంపిస్తానమ్మా" అన్నారు నాన్న. ఆ మాట విన్నాక రాత్రి నిద్రపట్టలేదు. నాన్న పొలం నా డిగ్రీకి వెల కాకూడదు.

దరఖాస్తు పెడతాను. రోడ్స్ లాంటి పూర్తి స్కాలర్‌షిప్‌లకూ పెడతాను. డబ్బు వాళ్లిస్తేనే వెళ్తాను. లేదంటే హైదరాబాద్‌లోనే చేరతాను, సెలవుల్లో ఎగ్మూరు వెళ్తాను.