ఫైలులో లేని కాగితం

పిల్లలు కలగడం లేదని వచ్చే దంపతుల ఫైలు తెరిస్తే అన్నీ ఆమె కాగితాలే ఉంటాయి. థైరాయిడ్, షుగర్, అండాల నిల్వ చూసే ఏఎంహెచ్, నాలుగైదు నెలల ఫాలికిల్ స్కాన్లు, ట్యూబులు తెరుచుకున్నాయో లేదో చూసే ఎక్స్‌రే, ఒక్కోసారి ల్యాపరోస్కోపీ డిశ్చార్జి కాగితం కూడా. భర్త వీర్య పరీక్ష రిపోర్టు మాత్రం ఉండదు. అడిగితే, "ఆయనకేం లేదండి" అని ఆమే చెబుతుంది. ఎన్నిసార్లు విన్నా ఈ మాట దగ్గర నా ఓపిక నశిస్తుంది. సంతానం కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవాడి వైపు లోపం ఉంటుంది. కొందరిలో అదొక్కటే కారణం, మరికొందరిలో భార్య సమస్యకు అదీ తోడవుతుంది. దాన్ని తేల్చడానికి కోత, సూది, మత్తు ఏవీ అక్కర్లేదు. రెండు నుంచి ఏడు రోజులు స్ఖలనం లేకుండా ఉండి, ఒక డబ్బాలో శాంపిల్ ఇస్తే చాలు. ఇంత తేలికైన పరీక్ష అన్నిటికంటే చివర జరుగుతోంది. ఈలోగా ఊళ్లో గొడ్రాలన్న మాట ఆమె మీద పడిపోతుంది. శ్రీమంతాల్లో బొట్టు పెట్టడానికి ముందుకు రాకుండా వెనక వరసలో నిలబడటం అలవాటైపోతుంది.

భర్తలు రాకపోవడానికి నిర్లక్ష్యం ఒక్కటే కారణం అంటే అన్యాయం. చాలామందిది భయం. వీర్యకణాల కౌంట్ తక్కువని తేలితే మగతనమే పోయిందనుకుంటారు. ఈ రెండింటికీ సంబంధం లేదని గట్టిగా చెప్పాలి. వీర్యంలో ఎక్కువ భాగం వేరే గ్రంథుల నుంచి వచ్చే ద్రవమే. అందుకే వీర్యకణం ఒక్కటి కూడా లేని మగవాడిలోనూ కోరిక, స్తంభన, స్ఖలనం మామూలుగానే ఉండవచ్చు. అదే కారణంగా, "నాకన్నీ బాగానే ఉన్నాయి" అని ఎవరికి వారు తేల్చుకోవడమూ కుదరదు. కండల కోసం జిమ్ముల్లో టెస్టోస్టెరాన్ ఇంజక్షన్లు తీసుకునే కుర్రాళ్లు పైకి బలంగా కనిపిస్తారు, లోపల కణాల తయారీ పడిపోతూ ఉంటుంది. భర్తలు రాకపోవడంలో డాక్టర్లమైన మా తప్పూ ఉంది. శాంపిల్ ఇవ్వమని గడియ సరిగా పడని బాత్‌రూమ్ చూపించి, బయట నలుగురు కూర్చున్నచోట పేరు పెట్టి పిలిస్తే ఏ మగవాడు రెండోసారి వస్తాడు? ల్యాబువాళ్లు ఒప్పుకుంటే ఇంట్లోనే తీసి, చొక్కా లోపల ఒంటి వెచ్చదనం తగిలేలా పెట్టుకుని గంటలోపు చేర్చవచ్చు. ఈ ఒక్క ముక్క ముందే చెబితే చాలామంది వస్తారు.

ఇక పడకగది సంగతి. గుడ్డు ఉండే ఫాలికిల్ పద్దెనిమిది మిల్లీమీటర్లకు పెరిగింది, ఇవాళా రేపూ కలవండి అని మేం రాసిస్తాం. ఆ రాత్రి అతనికి నైట్ డ్యూటీ ఉండొచ్చు, పొద్దున్న ఇద్దరూ గొడవపడి ఉండొచ్చు. చీటీ మాత్రం ఉంది. రమ్మన్న రోజున రాని కోరికను తలుచుకుని అతను సిగ్గుపడతాడు, నెలంతా పోయిందని ఆమె ఏడుస్తుంది. రెండు వారాల తర్వాత బాత్‌రూమ్ లైటు కింద గర్భ పరీక్ష స్ట్రిప్పును అటూ ఇటూ తిప్పి, రెండో గీత లీలగానైనా ఉందేమోనని చూసుకుంటుంది. క్రమంగా ఆ తేదీల్లో తప్ప ఒకరినొకరు ముట్టుకోవడం మానేస్తారు. నిజానికి గర్భం నిలిచే అవకాశం గుడ్డు విడుదలయ్యే రోజుతో కలిపి ఆరు రోజులు ఉంటుంది. నెలసరి సక్రమంగా వచ్చే జంట వారానికి రెండు మూడుసార్లు ఇష్టంగా కలుస్తుంటే ఆ రోజులు వాటంతటవే అందులో పడతాయి. అలాంటివాళ్లకు మొదటి నెల నుంచే తేదీలు కట్టబెట్టడం మానుకోవాలని డాక్టర్లకే చెబుతున్నాను.

"టెన్షన్ పడకు, అదే వస్తుంది" అని పెద్దలంటారు. ప్రేమతోనే అంటారు, కానీ ఆ మాటతో గర్భం రాకపోవడం కూడా ఆమె తప్పే అవుతుంది. బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 2011లో వచ్చిన విశ్లేషణ 14 అధ్యయనాల్లోని 3,583 మంది స్త్రీల వివరాలను కలిపి చూసింది. ఐవీఎఫ్ లాంటి చికిత్సకు ముందున్న ఆందోళన, దిగులు ఆ విడత ఫలితాన్ని చెడగొట్టినట్టు కనిపించలేదు. అలాగైతే మనసు గురించి పట్టించుకోవడం దేనికని అడగొచ్చు. బాధ బాధే కనక. అమెరికాలో ఆలిస్ డోమర్ బృందం 1993లో ప్రచురించిన అధ్యయనంలో సంతానం కలగని స్త్రీల దిగులు, ఆందోళన క్యాన్సర్ రోగులతో సమానంగా తేలాయి. మన దేశంలో 2021 నాటి చట్టం ఐవీఎఫ్ కేంద్రాలు దంపతులకు కౌన్సెలింగ్ ఇచ్చి తీరాలంటోంది. ఆ కౌన్సెలింగ్‌లో ఖర్చు, సక్సెస్ రేటు చెప్పి ఊరుకోకుండా, "మీరిద్దరూ ఎలా ఉంటున్నారు?" అని కూడా అడగాలి.

పెళ్లయి ఏడాది కలిసి కాపురం చేసినా, ఆమెకు ముప్ఫై అయిదు దాటితే ఆరు నెలలైనా, నెల తప్పకపోతే డాక్టరు దగ్గరికి ఇద్దరూ కలిసి రండి. భార్యకు ట్యూబ్ టెస్ట్ రాయించే ముందు, నాయనా, నీ రిపోర్టు తీసుకురా.