తాతగారి ఊరెక్కడ?

బెల్‌ఫాస్ట్‌లో రైలెక్కి సముద్రం ఒడ్డునే వెళ్తే అరగంటలో క్యారిక్‌ఫెర్గస్ వస్తుంది. నీళ్ళ అంచునే 12వ శతాబ్దపు కోట. వచ్చినవాళ్ళంతా ముందు దాని దగ్గరే ఆగుతారు. కొందరు అమెరికన్లు మాత్రం కోటను ఓ చూపు చూసి, ఊరి చివర బోనీబిఫోర్ అనే చిన్న పేటకు నడుస్తారు. అక్కడ వాళ్ళు చూడాలనుకునేది సున్నం కొట్టిన గోడలు, గడ్డికప్పు, లోపల పెద్ద పొయ్యి ఉన్న ఓ పూరిల్లు.

తీరా వెళ్ళాక తెలిసేదేమిటంటే... వాళ్ళు వెతుక్కుంటూ వచ్చిన ఇల్లు అది కాదు! అమెరికా ఏడో అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ తల్లిదండ్రులు కాపురమున్నట్లు చెప్పే ఇంటిని 1860లో రైలుమార్గం కోసం పడగొట్టేశారు. అదున్న చోట గుర్తుగా ఓ పలక మిగిలింది. ఇప్పుడు చూపిస్తున్నది ఆ దగ్గర్లోనే ఉన్న, 1750ల నాటి మరొకరి ఇల్లు.

అయినా జాక్సన్ కుటుంబం అదృష్టవంతులే అనాలి. వాళ్ళ ఊరేదో తెలుసు. ఆ కాలంలో ఐర్లండ్ నుంచి అమెరికా వెళ్ళిన ఎన్నో కుటుంబాల వారసులకు ఆ మాత్రం ఆధారం కూడా లేదు. ‘మా ముత్తాత ముత్తాత ఐర్లండ్ నుంచి వచ్చాడట’ అన్న మాట దగ్గరే వాళ్ళ వంశవృక్షం ఆగిపోతుంది. మనలో చాలామందికి ఉన్నట్లు ఊరిపేరే ఇంటిపేరై ఉంటే పని తేలికయ్యేది. ఐరిష్ ఇంటిపేర్లలో ఎక్కువభాగం ఫలానావాడి కొడుకు, ఫలానావాడి మనవడు అని చెప్పేవే. ఊరి గుట్టు విప్పేవి తక్కువ. ఐర్లండ్‌లో ‘టౌన్‌ల్యాండ్’ అనే చిన్న చిన్న పల్లె విభాగాలు అరవై వేలకు పైనే ఉన్నాయి. వాటిలో ఏది మనదో తెలిస్తే తప్ప వెతుకులాట మొదలే కాదు.

జాక్సన్ తల్లిదండ్రులు 1765లో ఓడెక్కారు. అప్పటికే ఇద్దరు కొడుకులు. వీళ్ళు అంతకుముందు శతాబ్దంలో స్కాట్లండ్ నుంచి వచ్చి ఉత్తర ఐర్లండ్‌లో స్థిరపడిన ప్రెస్బిటేరియన్ల సంతతి. కౌళ్ళు పెరిగాయి. నార బట్టల వ్యాపారం ఓ ఏడు బాగుంటే మరో ఏడు పడిపోయేది. తమది కాని చర్చికి పన్ను కట్టాల్సి వచ్చేది. అదే నార వాళ్ళకు దారీ చూపింది. అవిసె విత్తనాలతో అమెరికా నుంచి వచ్చిన ఓడలు తిరుగు ప్రయాణంలో మనుషుల్ని ఎక్కించుకునేవి.

ఎక్కిన మనుషుల పేర్లు రాసినవాళ్ళెవరు? ఫిలడెల్ఫియా రేవులో దిగిన జర్మన్ల చేత 1727 నుంచీ రాజుకు విధేయత ప్రమాణం చేయించారు. దాంతో వాళ్ళ పేర్లు కాగితానికెక్కాయి. ఐరిష్ వాళ్ళు ఎలాగూ ఆ రాజు ప్రజలే కదా, ఇక ప్రమాణమెందుకు? అందుకే వాళ్ళ పేర్లు ఆ జాబితాలో లేవు. ప్రయాణికుల జాబితాలు ఇవ్వాలని అమెరికా ఓడలను ఆదేశించింది 1820 నుంచే. 1790 నాటి మొదటి జనగణనలో కుటుంబ పెద్ద పేరు ఒక్కటే ఉంటుంది. భార్యాపిల్లలు వట్టి అంకెలు. 1850లో బానిసలు కానివాళ్ళందరి పేర్లూ, పుట్టిన చోటూ రాశారు. చోటంటే ఏముంది... ‘ఐర్లండ్’ అని ఒక్క మాట!

పోనీ ఇవతలి ఒడ్డున వెతుకుదామంటే అక్కడ ఇంకో దెబ్బ. డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ ఆవరణలో దేశం పాత దస్తావేజులన్నీ భద్రపరిచారు. 1922 జూన్ 30న, అంతర్యుద్ధం మొదలైన రోజుల్లో, అక్కడ పెద్ద పేలుడు జరిగింది. శతాబ్దాల కాగితాలు కాలి బూడిదయ్యాయి. 1821 నుంచి 1851 వరకూ తీసిన జనగణనల్లో చాలామటుకు పోయాయి. చర్చి ఆఫ్ ఐర్లండ్ రిజిస్టర్లలో సగానికి పైగా, ఎన్నెన్నో వీలునామాలూ పోయాయి. కాలిన కాగితపు ముక్కలు గాలికి ఎగిరి హౌత్ కొండ దాకా వెళ్ళి పడ్డాయట. తాతల పేర్లు వీధుల్లో రాలుతుంటే ఏరుకునే తీరికెవరికుంది!

అన్నీ పోలేదు. అదే డబ్లిన్‌లో హెన్రియెట్టా వీధిలోని భూముల రిజిస్ట్రేషన్ కార్యాలయం వేరే చోట ఉండబట్టి బతికింది. 1708 నుంచీ దస్తావేజుల నకళ్ళు అక్కడున్నాయి. ఒక్కో పుస్తకం ఎంత పెద్దదంటే, వాటికి ‘సమాధిరాళ్ళు’ అనే ముద్దుపేరు పడింది. ఉత్తరాది కుటుంబాలకు బెల్‌ఫాస్ట్‌లోని ప్రభుత్వ దస్తావేజుల భవనం దిక్కు. 1660లలో ఇంటికెన్ని పొయ్యిలున్నాయో లెక్కించి వేసిన పన్ను పట్టికలూ, 1796లో అవిసె పండించినందుకు రాట్నాలు బహుమతిగా అందుకున్నవాళ్ళ జాబితా వెతికేవాళ్ళకు పెన్నిధి. రాట్నం ఇచ్చిన గుమాస్తా రాసుకున్న ఒక్క వరుస, రెండు శతాబ్దాల తర్వాత ఎవరికో ఇంటి ఆచూకీ చెబుతుంది! 1922లో కాలిపోయినవాటి నకళ్ళను ఎక్కడెక్కడి గ్రంథాలయాల నుంచో సేకరించి, నూరేళ్ళకు, 2022 జూన్‌లో ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టారు కూడా.

అట్లాంటిక్‌కు అవతల జాక్సన్ల జాడ వాక్స్‌హా అనే ప్రాంతంలో దొరుకుతుంది. అది ఉత్తర, దక్షిణ కరొలైనాల సరిహద్దు. ఎలిజబెత్ బంధువులు అప్పటికే అక్కడున్నారు. వలస వచ్చిన రెండేళ్ళకే, 1767లో భర్త చనిపోయాడు. కొద్ది వారాలకు మూడో కొడుకు పుట్టాడు. తండ్రి పేరే పెట్టారు. ఆ కాన్పు ఏ బంధువుల ఇంట్లో జరిగిందన్నది తేలకపోవడంతో ఆండ్రూ జాక్సన్ మావాడంటే మావాడని రెండు రాష్ట్రాలూ వాదులాడుకుంటాయి. ఆయన మాత్రం తాను దక్షిణ కరొలైనాలో పుట్టానని రాసుకున్నాడు. ఊరు వదిలి వచ్చినవాళ్ళ బిడ్డే అధ్యక్షుడయ్యాక, 1830లో ఆదివాసులను వాళ్ళ నేల మీది నుంచి వెళ్ళగొట్టే చట్టం మీద సంతకం పెట్టాడన్నది మింగుడుపడని సంగతి.

స్వాతంత్ర్య యుద్ధం ఆ ఇంటిని ఖాళీ చేసింది. పెద్దవాడు హ్యూ 1779లో పోయాడు. 1781లో రాబర్ట్, ఆండ్రూలను బ్రిటిష్ సైనికులు పట్టుకున్నారు. తల్లి వెళ్ళి విడిపించి తెచ్చుకుంది. ఇల్లు చేరాక రాబర్ట్ మశూచితో పోయాడు. ఆండ్రూ కోలుకోగానే ఆమె చార్ల్‌స్టన్‌కు ప్రయాణమైంది. అక్కడ బందీలుగా ఉన్న బంధువుల పిల్లలకు సేవ చేయడానికి. అక్కడే జ్వరం తగిలి కన్నుమూసింది. అప్పటికి ఆండ్రూకు 14 ఏళ్ళు. క్యారిక్‌ఫెర్గస్‌లో పుట్టింటి, అత్తింటి కథలు చెప్పగల మనిషి ఆమెతోనే వెళ్ళిపోయింది.

పెద్దయ్యాక ఆయన తల్లి సమాధి కోసం వాకబు చేయించాడు. ఎవరూ చోటు చూపించలేకపోయారు.