నీటిలో నడక

రామచంద్రపురమున ఉద్యోగవిరమణ చేసిన లెక్కల ఉపాధ్యాయుడొకడు కలడు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన నాటినుండి డెల్టా కాలువలే ఆ ప్రాంతపు పిల్లలకు ఈతబడులు. ఆయనయు అందే ఈత నేర్చెను. అరువదియేడవ యేట ఆయన కుడిచేతి బొటనవ్రేలు, మాత్ర నలుపుచున్నట్లు, తనంతట తాను కదల నారంభించెను. ముత్యములవంటి దస్తూరి చీమలబారు వలె చిన్నదైపోయెను. గుమ్మము కడకు రాగానే పాదములు నేలకు అంటుకొనినట్లు నిలిచిపోవుచుండెను.

వైద్యుడు దానిని పార్కిన్సన్ వ్యాధి యనెను. జేమ్స్ పార్కిన్సన్ అను లండను వైద్యుడు 1817లో దీనిని వర్ణించెను. ఆయుర్వేదమున దీనికి కంపవాతమని పేరు. మెదడు లోతున డోపమిన్ అను రసాయనమును తయారుచేయు కణములు క్రమముగా నశించుటచే ఈ వ్యాధి కలుగును. చేలగట్లపై పిల్లలను ఏడిపించు దురదగొండి గింజలలో, డోపమిన్‌గా మారగల లెవోడోపా కలదని 1937లో మద్రాసునందలి దామోదరన్, రామస్వామి అను శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. 1960ల నుండి లెవోడోపాయే ఈ వ్యాధికి ముఖ్యమైన మందు. అట్లని గింజలు ఏరి తినరాదు. మోతాదు వైద్యుడే నిర్ణయింపవలెను.

మందు బిగువును సడలించెను గాని పడిపోదునను భయమును పోగొట్టలేదు. ఆయన కుర్చీ విడువకుండెను. కదలకుండుటచే కాళ్లు మరింత బలహీనపడెను.

అప్పుడు వ్యాయామ చికిత్సకుడు నీటిలో నడువుమనెను. రొమ్ములోతు నీటిలో నిలిచినవాని పాదములపై అతని బరువులో మూడవవంతు మాత్రమే పడును. తూలినను నీరు మెల్లగా పడనిచ్చును. సర్దుకొనుటకు వ్యవధి దొరకును. అడుగడుగునకు అడ్డుపడుటచే కండరములకు పనియు కల్పించును. వ్యాధి కుదరదు, నిలకడ మాత్రము మెరుగుపడవచ్చును.

ఆయన ముఖము వికసించెను. “అయితే రేపే కాలువకు పోయెదను!”

“ఏమండీ, కాలువ వద్దు,” అని భార్య కన్నీరు పెట్టుకొనెను.

“ఈత మరచువాడెవడే?”

మరచువారు కలరని వైద్యుడు చెప్పెను. ఈ వ్యాధికి మెదడులో విద్యుత్తీగలు అమర్చిన పిమ్మట, చక్కగా ఈదగల తొమ్మండుగురు ఈత కోల్పోయిరని 2019లో జూరిచ్ వైద్యులు ప్రకటించిరి. వారిలో నొకడు సరస్సులో దుమికి, ఇతరులు రక్షింపగా బ్రదికెను. ఈయనకు ఆ శస్త్రచికిత్స జరుగలేదు. కాని గుమ్మము కడ బిగుసుకొను కాలు ప్రవాహమున బిగుసుకొనదని ఎవరు చెప్పగలరు? ఉపాధ్యాయుడు చాలసేపు మాటాడలేదు. వ్యాధి పేరు విన్ననాడుకూడ ఆయన అంతగా క్రుంగలేదు.

మేనల్లుని కొబ్బరితోటలో పెద్ద సిమెంటు తొట్టి యుండెను. దానికి మెట్లు కట్టించి, చుట్టును పట్టుకొనుటకు ఇనుపగొట్టము బిగించిరి. ఎండకు నీరు గోరువెచ్చనగు సాయంకాలమున, మందు పనిచేయు వేళ చూచి, ఇరువురు చెరియొక ప్రక్కను నిలువగా ఆయన దిగెను.

“మామయ్యా, పెద్ద అడుగు వేయుము. పదునేడవ ఎక్కము చెప్పుచు నడువుము.”

లెక్క తప్పలేదు, అడుగు రెండుమార్లు తప్పెను. వెలుపలికి రాగానే దేహము మరల బరువెక్కెను. తోటగుమ్మము కడ పాదము ఆగెను. “ఒకటి, రెండు” అని తానే పైకి లెక్కించుకొని దాటెను.

ఇంటికి పోవుచు కాలువగట్టున కొంతసేపు కూర్చుండెను. వంతెననుండి పిల్లలు నీటిలోనికి దుముకుచుండిరి. “కాళ్లు ఆడింపుడురా, చేతులతోనే ఈదెదరేమి!” అని ఆయన కేకవేసెను.