వెనుక సీటు

స్త్రీలకు సర్వవిధముల స్వాతంత్ర్యము ఉండవలయునని మేము పలుమాఱులు వ్రాసితిమి; సభలలో మాటాడితిమి. బడిలో కందుకూరి వీరేశలింగము పంతులుగారినిగూర్చి పాఠము చెప్పునపుడు మా కంఠస్వరము కొంత హెచ్చునని విద్యార్థులు చెప్పుకొందురు. అట్టి మేము మా యింటి మోటారుసైకిలు తాళపుచెవిని మాత్రము పదునెనిమిదేండ్లు మా జేబులోనే దాచుకొంటిమి. దాచుకొంటిమన్న సంగతియైనను మాకు తట్టలేదు. అది తెలిసివచ్చినది పదునాలుగువేల అడుగుల యెత్తున.

2022 జూను నెలలో మేమును మా గృహిణియు మనాలినుండి లేహ్ నగరమునకు మోటారుసైకిలుమీద ప్రయాణము చేసితిమి. ఈ యూహ మాది కాదు, ఆమెది. కుమారసంభవము ప్రథమసర్గలోని హిమవద్వర్ణనమును మేము ఇరువదేండ్లుగా బోధించుచున్నాము. మంచన్నది మేము చూచినది ఐసుబండివాని పెట్టెలోనే. ఒకనాటి రాత్రి మేము వ్రాసికొనుచున్న టిప్పణమును చూచి యామె, "చూడని కొండను ఇంకను ఎన్నాళ్లు వర్ణింతురండీ?" అనెను. సమాధానము తోచలేదు. టిక్కెట్లు కొంటిమి. విజయవాడలో బండిలోని పెట్రోలంతయు తీసివేయించి, గోనెపట్టాలు చుట్టించి, రైలులో ఢిల్లీకి పంపితిమి.

బండి బుల్లెట్టు, ఇంచుమించు 190 కిలోల బరువు. మా వీథిలో స్కూటరు తోలని ఆడువారు లేరు. అది ఆడవారి బండి యట. బుల్లెట్టు మగవారి బండి యట. ఇనుమునకు లింగనిర్ణయము చేసిన యా వైయాకరణుడెవడో పాణిని యెఱుగడు. మా గృహిణి గేరుల బండి తోలుటను మావద్ద నేర్వలేదు. తమ్మునివద్ద నేర్చి, పరీక్షకు పోయి నెగ్గి, లైసెన్సు చేతికి వచ్చిన పిమ్మట మాకు చూపెను. మేము సంతోషించితిమి. మా సంతోషమును మిత్రులకు చెప్పితిమి కూడ. తాళపుచెవి మాత్రము జేబులోనే యుండెను.

చెఱిసగము తోలుదమని బయలుదేరునపుడు మా యొడంబడిక. ఢిల్లీ దాటగనే ఆమె అడిగెను. "ఇక్కడ లారీలు హెచ్చు" అంటిమి. కులూ లోయలో అడిగెను. "ఇక్కడ మలుపులు హెచ్చు" అంటిమి. అటల్ సొరంగము దాటిన తరువాత అడిగెను. "ఇక్కడ రాళ్లు హెచ్చు" అంటిమి. పిదప ఆమె అడుగలేదు. దానిని మేము అంగీకారముగ గ్రహించితిమి. మగవారి తర్కశాస్త్రమున ఆడవారి మౌనమునకు అర్థమొక్కటే కదా!

ఆ సొరంగము 2020 అక్టోబరు 3వ తేదీన తెఱవబడినది, పొడవు 9.02 కిలోమీటర్లు. దాని కీవల దేవదారువనములు, ఆపిలుతోటలు, తడినేల. ఆవల బోడికొండలు, ఎండ, గాలి. నడుమనున్న కొండలవరుస వానమబ్బులను అడ్డగించుటచే లాహుల్ సీమలో వర్షము మిక్కిలి తక్కువ. తొమ్మిది కిలోమీటర్ల చీకటిలో ఒక దేశమునుండి మఱియొక దేశమునకు వచ్చినట్లుండును. తాండియొద్ద చంద్రా భాగా నదులు కలిసికొనును. ఆ కలిసిన నదియే దిగువకు పోయి చీనాబు అనబడును. అచ్చట పెట్రోలు పోయించుకొని, అయిదులీటర్ల డబ్బాకూడ నింపుకొని, ఆ రాత్రికి జిస్పా చేరితిమి. దాని యెత్తు 3,200 మీటర్లు.

ఇక్కడ మేము చేసిన తప్పు చెప్పవలెను. 3,000 మీటర్లు దాటిన పిదప రాత్రి నిద్రించుచోటు ముందటి రాత్రికంటె 500 మీటర్లకు మించి యెత్తుగ నుండరాదని వైద్యుల హెచ్చరిక. మా తరువాతి మజిలీయైన సర్చూ 4,290 మీటర్లు. "ఇంకొకరోజు ఇక్కడ ఉందమండీ" అని ఆమె అనెను. మేము కాగితముమీద గీసికొన్న ప్రయాణపట్టికను చూపితిమి. బడిపంతులునకు టైముటేబులే వేదము.

మఱునాడు బారాలాచా కనుమదిక్కుగా ఎక్కితిమి. పొద్దెక్కినకొలది మంచు కఱగి, రోడ్డున కడ్డముగ పాఱు వాగులు పొంగును. ఉదయము చీలమండలోతున్న నీరు మధ్యాహ్నము దాటునప్పటికి మోకాలిలోతగును. బరువు తగ్గుటకై వెనుకనున్నవారు దిగవలెను. మేము బండిమీద దాటితిమి. ఆమె బూట్లు చేతబట్టుకొని, ఆ మంచునీటిలో గులకరాళ్లమీద నడచి దాటెను. ఒకటి కాదు, మూడు వాగులు. ప్రతిసారియు ఆవలియొడ్డున బండి నిలిపి మేము చేసిన సహాయము, "జాగ్రత్త" యని కేకవేయుట.

సర్చూ గుడారములో ఆ రాత్రి మాకు నిద్రలేదు. ఆ యెత్తున గాలియొత్తిడి సముద్రతీరమున నుండుదానిలో ఇంచుమించు నూటికి అఱువదివంతులే. మొదట తలనొప్పి, పిదప వాంతులు, తెల్లవాఱుజామున లేచి నిలువబోగా కాళ్లు తడబడినవి. గుడారపు యజమాని లాంతరు పట్టి మా మొగము చూచెను. చిన్న సిలిండరునుండి కొంతసేపు ప్రాణవాయువు పట్టించి, "దీనికి మందు దిగుటయే" అని హిందీలో చెప్పెను. సర్చూలోని చిక్కు అదియే. అది రెండు కనుమల నడుమ నున్న బయలు. లేహ్ వైపున నకీలా 4,740 మీటర్లు. వెనుకవైపున బారాలాచా సుమారు 4,890 మీటర్లు. దిగవలెనన్నను ముందు ఎక్కితీరవలెను. టాక్సీలన్నియు చీకటితోనే లేహ్ వైపు పోయినవి. "లారీ యేదైన వచ్చువఱకు ఆగుదము" అంటిమి. "ఎంతసేపు?" అని ఆమె యడిగెను. మేము పలుకలేదు. ఆమె మా కోటుజేబులో చేయిపెట్టి తాళపుచెవి తీసికొనెను. ఈసారి అడుగలేదు.

మమ్ములను వెనుక కూర్చుండబెట్టి, తన చున్నీతో మా నడుమును తన నడుమునకు బిగించి కట్టెను. బండి కదలినది. ఆంగ్లమున ఈ వెనుక సీటునకు 'పిలియన్' అని పేరు. తోలు అను నర్థముగల లాటిను మాటనుండి గేలిక్ భాషమీదుగా వచ్చినది. గుఱ్ఱముపై పురుషుని వెనుక స్త్రీ కూర్చుండుటకు పఱచిన మెత్త యది. ఈ వ్యుత్పత్తిని తరగతిలో ఉత్సాహముగ చెప్పియుంటిమి గాని, అచ్చటనుండి లోకమెట్లు కనబడునో యెఱుగము. ముందున్నవారి భుజమే కనబడును. గుంత వచ్చుచున్నదని ముందుగ తెలియదు. పడిన తరువాత తెలియును. బ్రేకు పట్టుటకు చేయి తహతహలాడును, పట్టుటకు బ్రేకుండదు. పదునెనిమిదేండ్లు ఆమె ఇట్లు కూర్చుండెను.

"నిద్రపోకండి. శ్లోకములు చదువుడు" అని ఆమె అఱచెను. హిమవద్వర్ణనము మొదలిడితిమి. నాలుగవ శ్లోకమువద్ద తల తిరిగి, మాట తప్పినది. మేము ఇరువదేండ్లు బోధించిన శ్లోకమే! ముందునుండి, శిరస్త్రాణములోనుండి, గాలిలో తెగి తెగి, ఆ శ్లోకపు రెండవ పాదము వినబడినది. ఆమె సంస్కృతము చదువలేదు. వంటయింటిలో పనిచేసికొనుచు మా పాఠములు విన్నది. అట్లు ఆమె అందించుచు, మేము సాగించుచు, కనుమ యెక్కితిమి. పైన రోడ్డున కిరువైపుల మంచుగోడలు. సూరజ్‌తాల్ సరస్సు సగము గడ్డకట్టి యుండెను. రోడ్డుపని చేయువారిలో ఝార్ఖండునుండి వచ్చిన కూలీ లున్నారు. రాళ్లతట్ట దింపి యొక స్త్రీ మా బండిని తేఱిపాఱ జూచి నవ్వెను. మమ్ముగాదు, ఆమెను చూచి.

దేవాసురయుద్ధమున మూర్ఛిల్లిన దశరథుని రణభూమినుండి తప్పించి కాపాడినది కైకేయి యని వాల్మీకిరామాయణమున నున్నది. ఈ కథ చెప్పునపుడు మేము ఎల్లప్పుడును రెండు వరములయొద్దకు త్వరపడి పోవుచుంటిమి.

దిగుచున్నకొలది తల తేరుకొన్నది. దారిలో నొకచోట టీకి నిలువగా ఒక యాత్రికుడు వచ్చి మాతో, "భాయీసాహెబ్, ఒంట్లో బాగులేదా?" అనెను. మేము రోగిష్ఠివలె కనబడుటచే కాదు. ఆమె తోలుటచే అట్లు అడిగెనని తరువాతి మాటలనుబట్టి తెలిసినది. మగవానికి జబ్బు చేసిననే గాని ఆడుదాని చేతికి బండి రాదని అతని లెక్క. అతనికి బుద్ధి చెప్పవలెనని నోరు తెఱచితిమి. మా విషయమున అతని లెక్క సరియే యైనది. నోరు మూసికొంటిమి.

కీలాంగులో వైద్యుడు పరీక్షించి, ఎసిటజోలమైడ్ మాత్రలిచ్చి, కొన్నాళ్లు ఎత్తు ఎక్కవలదనెను. జిస్పాలో నాలుగు రాత్రు లుంటిమి. ఇక ఇంటికి పోవుదమని మేమంటిమి. "మీ కొండ ఇంకను సగము మిగిలియున్నది" అని ఆమె అనెను. వైద్యుని యనుమతితో మరల బయలుదేరితిమి. గాటా మలుపులు ఇరువదియొకటియు ఆమెయే యెక్కించెను; మేము వెనుక కూర్చుండి లెక్కపెట్టితిమి. మోరే మైదానమున నలువది కిలోమీటర్ల మేర తిన్నని బాట వచ్చినపుడు, "ఇక్కడ లారీలు లేవు, మలుపులు లేవు, రాళ్లు లేవు, మీరు తోలుడు" అని తాళపుచెవి మా చేతబెట్టెను. తగిన శాస్తి. 5,328 మీటర్ల తంగ్లంగ్‌లా మరల ఆమె పాలు.

లేహ్‌లో మెకానిక్కు క్లచ్చు సంగతి మమ్ము అడిగెను. "ఆమెను అడుగు నాయనా" అంటిమి. అతడు ఆమె మాటలు శ్రద్ధగ విని, తలయూచి, బాగుచేయుటకు ఎంతయగునో మరల మాకే చెప్పెను.

ఇప్పుడు తాళపుచెవి మా యింటి ముందుగదిలో మేకునకు వ్రేలాడుచున్నది. ఎవరు ముందు బయలుదేరిన బండి వారిది. ఆమె ఆఫీసు మా బడికంటె అరగంట ముందు తెఱచును. మేము తఱచుగా ఆటోలో పోవుచున్నాము.