తొందర లేని ఆట

ఆట అనే మాట వినగానే మన మనసులో ఇద్దరు మనుషులు మెదులుతారు. ఒకరు గెలిచేవారు, మరొకరు ఓడేవారు. చదరంగమైనా, పచ్చీసైనా, చెడుగుడైనా ఎదుట ప్రత్యర్థి ఉండాలి. చుట్టూ చూసేవారు ఉండాలి. ఆఖరున లెక్క తేలాలి. అందువల్ల ఒక మనిషి బల్లముందు ఒంటరిగా కూర్చుని, తానే పాచికలు వేసుకుంటూ, తానే ఆలోచించుకుంటూ గంటల తరబడి ఆడుకొంటే చూసేవారికి వింతగానే ఉంటుంది. ‘పాపం, తోడు లేదు కాబోలు’ అని జాలిపడేవారు కొందరు. ‘పనిలేని పని’ అని నవ్వుకొనేవారు మరికొందరు. ఉద్యోగ విరమణ తరువాత ఈ రెండు మాటలనూ నేను తరచుగా వింటున్నాను. ఆ జాలికీ, ఆ నవ్వుకూ సమాధానంగా కాకపోయినా, ఒంటరిగా తీరికగా ఆడే ఆటలో ఏమున్నదో చెప్పాలని మాత్రం అనిపిస్తుంది.

నిజానికి ఒంటరి ఆట మన ఇళ్ళకు కొత్తది కాదు. వామనగుంటలు తెలియని తెలుగింటి ఆడపడుచు ఒకప్పుడు అరుదు. కొన్ని ప్రాంతాలలో దీనినే ఓమనగుంటలు అంటారు. వరుసకు 7 చొప్పున రెండు వరుసలలో 14 గుంటలు తొలిచిన కొయ్యపీట, దోసెడు చింతపిక్కలు ఉంటే చాలు. సాధారణంగా ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని ఆడతారు. ఒక్కరే ఆడుకొనే పద్ధతి కూడా ఉంది. అశోకవనంలో సీతమ్మ పొద్దుపుచ్చడానికి ఇలాగే ఒంటరిగా ఆడుకొన్నదని స్త్రీల నోట ఒక మాట తరతరాలుగా వినవస్తున్నది. అది వాల్మీకి చెప్పిన కథ కాదు. ఒంటరి ఆటకు తోడుగా ఒక కథను వెదుక్కొన్న జానపద హృదయం చేసిన కల్పన.

మా అమ్మ ఈ ఆట ఆడేది. పన్నెండుమంది ఉన్న ఉమ్మడి కుటుంబంలో ఆమె పెద్దకోడలు. తెల్లవారుజామున మొదలైన చాకిరి మధ్యాహ్నం వంటిల్లు కడిగేదాకా సాగేది. ఆ తరువాత ఆమె వసారాలో ఒక మూల కూర్చుని పీట ముందు పెట్టుకొనేది. ఒక వరుసలోని గుంటలలో క్రమంగా 7, 6, 5, 4, 3, 2, 1 చొప్పున పిక్కలు ఉంచేది. రెండవ వరుస ఖాళీగా ఉండేది. మొదటి గుంటలోని ఏడు పిక్కలనూ తీసి, దాని ముందున్న ఏడు గుంటలలో ఒక్కొక్కటిగా పంచేది. పంచడం పూర్తయ్యేసరికి మళ్ళీ అదే క్రమం, అవే సంఖ్యలు, ఒక్క గుంట ముందుకు జరిగి కనిపించేవి! అలా 7 విడతలకు పిక్కలన్నీ ఎదుటి వరుసకు చేరేవి. 14 విడతలకు బయలుదేరిన చోటికే తిరిగి వచ్చేవి. మీరూ కాగితంమీద గీసి సరిచూసుకోవచ్చు. ఇందులో గెలుపు లేదు, ఓటమి లేదు. 28 పిక్కలు ఊరినుంచి బయలుదేరి, పొలిమేరలన్నీ చుట్టి, ఇల్లు చేరుకొన్నట్లుంటుంది. ఆ సమయంలో ఎవరైనా పిలిస్తే అమ్మ తల ఎత్తకుండానే, “పిక్కలు దారిలో ఉన్నాయి, ఇంటికి చేరనీ” అనేది. ఆ ఇంట్లో ఆమె తనకోసం అడిగిన గడువు అదొక్కటే.

అమ్మ ఆటలో ప్రయాణమే తప్ప ఎంపిక లేదు. మన వైకుంఠపాళిలోనూ అంతే. నిచ్చెనలు పుణ్యాలు, పాములు పాపాలు. ఆ పటం చక్కని నీతికథ. కాని ఎక్కడమూ జారడమూ పందెం చేతిలో ఉంటాయి. ఆడేవారు చేసే నిర్ణయాన్ని బట్టి కథ మలుపు తిరిగే ఆటలు గత శతాబ్దపు చివరి పాతికేళ్ళలో పాశ్చాత్యదేశాలలో విస్తరించాయి. 1981లో షెర్లాక్ హోమ్స్ పేరుతో ఒక పరిశోధక క్రీడ వెలువడింది. ఆ సంవత్సరపు మేటి ఆటకు జర్మనీలో ఇచ్చే పురస్కారం 1985లో దీనికి లభించింది. ఇందులో పాచికలు లేవు. లండన్ నగర పటం, చిరునామాల పుస్తకం, ఆనాటి వార్తాపత్రిక, కేసు వివరాలున్న పుస్తకం మాత్రమే ఉంటాయి. ఎవరి ఇంటికి వెళ్ళాలో, ఎవరిని విచారించాలో మనమే నిర్ణయించుకోవాలి. చివరకు, హోమ్స్ ఎన్ని చోట్లకు వెళ్ళి రహస్యం ఛేదించాడో, మనం ఎన్ని చోట్లకు వెళ్ళామో పోల్చి మార్కులు వేసుకోవాలి. ఎక్కువ ఇళ్ళు తిరిగితే మార్కులు తగ్గుతాయి. నేను ఆ లెక్కను పక్కన పెట్టి ఆడతాను. కేసుతో సంబంధం ఉన్నా లేకపోయినా పత్రికలోని ప్రకటనలు సైతం చదువుతాను. మార్కులు పోతాయి, లండన్ నగరం మిగులుతుంది.

నాకు మరింత ఇష్టమైన ఆట రాబిన్సన్ క్రూసో. డేనియల్ డీఫో 1719లో ప్రచురించిన నవల ఆధారంగా పోలండు దేశస్థుడైన ఇగ్నాత్సీ ట్షెవిచెక్ దీనిని రూపొందించాడు. ఇది 2012లో వెలువడింది. నలుగురి వరకు కలిసి ఆడవచ్చు, ఒక్కరూ ఆడవచ్చు. ఒక్కరే ఆడినప్పుడు నవలలోని ఫ్రైడే, ఒక కుక్క సాయంగా వస్తారు. ఓడ పగిలి నిర్జన ద్వీపానికి చేరిన మనిషి ఆహారం వెదకాలి, నీడ కట్టుకోవాలి, కట్టెలు పోగుచేయాలి. మొదటి కథలో 12 రోజుల గడువు ఉంటుంది. ఆలోగా పెద్ద కట్టెల కుప్ప పేర్చి, నిప్పు రాజేసి, దూరాన వెళ్ళే ఓడ దృష్టిలో పడాలి. రోజులు గడిచేకొద్దీ వానలు, ఆపై మంచు మొదలవుతాయి. రాత్రికి తిండి లేకపోతే, తల దాచుకొనే చోటు లేకపోతే శరీరం దెబ్బతింటుంది.

ఈ ఆటను రెండు గంటలలో ముగించవచ్చు. నేను పన్నెండు రోజుల కథను పన్నెండు సాయంత్రాలు ఆడతాను. రోజుకు ఒక్క రోజే. ఆట ముగియగానే పావులను ఉన్నచోటనే ఉంచి, పైన ఒక పలుచని గుడ్డ కప్పుతాను. ఆనాడు ద్వీపంలో జరిగినదాన్ని ఒక నోటుపుస్తకంలో నాలుగు వాక్యాలుగా రాసుకొంటాను. నవలలోని క్రూసో కూడా కొయ్యమీద గాట్లు పెట్టి రోజులు లెక్కించాడు. సిరా ఉన్నంతకాలం దినచర్య రాశాడు. 28 సంవత్సరాలు ద్వీపంలో గడిపిన ఆ మనిషికి కాలం శత్రువు కాలేదంటే, ఏ రోజుకు ఆ రోజును విడిగా గుర్తించడమే అందుకు కారణమని నాకు తోస్తుంది. ఆటను అలా విడదీసి ఆడితే, మరునాడు బియ్యం ఏరుతున్నా, బస్సు కోసం నిలబడినా మనసులో ఒక ప్రశ్న మెదులుతూనే ఉంటుంది: ఈ రాత్రికి వేటకు వెళ్ళాలా, గుడిసె కప్పాలా?

ఈ ఆటలో నన్ను ఆకట్టుకొన్న నియమాలు రెండు. ఒక పనికి రెండు పావులు కేటాయిస్తే అది తప్పక నెరవేరుతుంది. ఒక్క పావు మాత్రమే పెట్టి, మిగిలినదాన్ని మరొక పనికి తరలిస్తే మూడు పాచికలు వేయాలి. పని జరిగిందో లేదో ఒకటి చెబుతుంది. గాయమైందో లేదో మరొకటి చెబుతుంది. అనుకోని సంఘటన ఎదురైందో లేదో మూడవది చెబుతుంది. అన్నింటినీ ఒకేసారి సాధించాలనే ఆరాటానికి చెల్లించే మూల్యం ఇది. రెండవ నియమం మరింత సూక్ష్మమైనది. అనుకోని సంఘటనల కార్డులలో కొన్నింటిని చదివి వదిలేయడానికి వీలులేదు. వాటిని రాబోయే రోజుల కార్డుల కట్టలో కలిపివేయాలి. ఈనాడు అలక్ష్యం చేసినది ఏదో ఒక ఉదయం తిరిగి ఎదుట నిలుస్తుంది. కర్మఫలం గురించి ఇంతకంటే తేలికగా చెప్పిన పాఠం నేను చదవలేదు.

మా మేనకోడలు ఒక వసతి కళాశాలలో ఇంటర్మీడియట్ చదివేది. దసరాకు నాలుగు రోజులు సెలవు దొరికితే మా ఇంటికి వచ్చింది. వేకువనుంచి రాత్రి పడుకొనే దాకా గంటలను పావుగంటలుగా కోసి పంచిన కాలపట్టిక ఆమెది. చేతిలో పుస్తకం లేకుండా కూర్చుంటే తప్పు చేసినట్లు తడబడేది. మొదటి సాయంత్రం గుడ్డ తీసి ఆటముందు కూర్చున్న నన్ను చూసి, “ఎవరిమీద గెలవాలత్తా?” అని అడిగింది. ఎవరిమీదా కాదన్నాను. ఆరోజు ద్వీపంలో ఐదవ రోజు. కట్టెల కోసం ఒక్క పావునే పంపి పాచికలు వేశాను. పని జరగలేదు, పైగా గాయం పడింది. ఆమె చప్పున, “ఎవరూ చూడటం లేదు కదత్తా, మళ్ళీ వెయ్యి” అన్నది.

“నేను చూస్తున్నాను కదా తల్లీ” అన్నాను.

ఆ పిల్ల చాలాసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లగా, “మా మార్కులు అందరూ చూస్తారత్తా. గోడమీద అంటిస్తారు, ఇంటికి పంపుతారు. నాకు నిజంగా ఎంత వచ్చో నేనెప్పుడూ కూర్చుని చూసుకోలేదు” అన్నది. మరునాడు నా బదులు తానే నిర్ణయం చెబుతానన్నది. ఎంతసేపు ఆలోచించవచ్చని అడిగింది. నీ ఇష్టం అన్నాను. ఆమె మొదట నన్ను నమ్మలేదు. పిమ్మట ఇరవై నిమిషాలు బల్లవైపే చూస్తూ కూర్చుని, “ముందు గుడిసె కప్పుదాం, ఆకలికి ఒక పూట ఓర్చుకోవచ్చు” అన్నది. గడువు చెప్పకుండా ఆ పిల్లను ఎవరైనా ఒక ప్రశ్న అడిగి ఎంతకాలమైందో!

సెలవులు ముగిసేసరికి ఎనిమిది రోజులు గడిచాయి. తాను లేకుండా ఆట సాగించవద్దని ఆమె కోరింది. “నువ్వు ఫోను చేసేవరకు ఆ ద్వీపంలో పొద్దు పొడవదు” అని మాట ఇచ్చాను. ఆదివారంనాడు పది నిమిషాలు ఫోను చేసుకోవడానికి ఆమెకు అనుమతి ఉండేది. తల్లిదండ్రులతో మాట్లాడగా మిగిలిన రెండు నిమిషాలలో నా దగ్గర పరిస్థితి తెలుసుకొని, ఏం చేయాలో చెప్పేది. వారం పొడవునా ఎక్కడో మనసు మూలన ఆలోచించుకొని ఉండాలి, ఆ మాటలో తడబాటు ఉండేది కాదు. అలా నాలుగు ఆదివారాలు నాలుగు రోజులు నడిచాయి. పన్నెండవ రోజు సాయంత్రానికి కట్టెల కుప్ప ఒక వరుస తక్కువైంది. ఓడ సాగిపోయింది. సంగతి చెప్పగానే ఆమె కాసేపు ఊరుకుని, “అయితే మనం ఎనిమిదో రోజు వేటకు వెళ్ళకుండా ఉండవలసిందత్తా” అన్నది. ఏడవలేదు, ఎవరినీ నిందించలేదు. తన నిర్ణయాన్ని తానే వెనక్కు నడిచి వెదికి పట్టుకొన్నది. ఈ ఆటవల్ల ఆమె మార్కులు పెరిగాయని నేను చెప్పను. పెరిగితేనే ఆ గంటకు విలువ అనుకొనే అలవాటునుంచే కదా ఆమెను నాలుగు సాయంత్రాలు తప్పించాలనుకొన్నది!

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఒంటరితనం వేరు, ఏకాంతం వేరు. మనుషులను తప్పించుకోవడానికి ఆటలో తలదాచుకొనేవారికి దక్కేది ఒంటరితనమే. మనుషులలోకి తిరిగి వెళ్ళడానికి కావలసిన నెమ్మదిని ఇచ్చేది ఏకాంతం. అమ్మ పీట దగ్గరనుంచి లేచి మళ్ళీ పన్నెండుమందికి కాఫీ కలిపేది. ఆ చేతిలో విసుగు ఉండేది కాదు. ఖరీదైన పెట్టెలలో వచ్చే ఆటలే కావాలని కూడా లేదు. సగంలో ఆపి రేపటికి దాచుకోగలిగిన ఏ ఆటైనా ఈ పని చేస్తుంది.

మన భాషలో రెండు సామెతలు పక్కపక్కనే ఉన్నాయి. ‘ఆలస్యం అమృతం విషం’ అంటుంది ఒకటి. ‘నిదానమే ప్రధానం’ అంటుంది మరొకటి. పెద్దలు పరస్పర విరుద్ధంగా మాట్లాడారని అనుకోనక్కరలేదు. రోజులో అధికభాగం మొదటి సామెతకు చెందుతుంది: రైలుకు, పరీక్షకు, పొలంలో పదునుకు ఆలస్యం పనికిరాదు. కాని రోజులో ఒక్క గంటైనా రెండవ సామెతకు దక్కకపోతే, మన నిర్ణయాలు మనవేనా, తొందర చేయించినవా అన్నది ఎన్నటికీ తెలియదు. చూసేవారు లేనిచోట పడిన పాచికను పడినట్లే ఉంచగలిగిన మనిషి, నలుగురి మధ్యకు వచ్చినప్పుడు కూడా అలాగే నిలబడగలడు. ఆ నిబ్బరాన్ని అలవరచుకోవడానికి ప్రత్యర్థి అక్కరలేదు. కొంత తీరిక కావాలి.